కొత్త వెర్షన్ వచ్చింది సరే, మీ సొంత ప్రాజెక్టుకు అది అవసరమా?

ప్రోగ్రామింగ్‌ను ఉద్యోగంగా కాకుండా ఇష్టంతో చేసేవారికి దొరికే సమయమే తక్కువ. పనులన్నీ ముగిశాక రాత్రిపూట ఒక గంట, సెలవురోజున ఒక పూట. ఆ గంటలో కంప్యూటర్ తెరవగానే కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది, ఇన్‌స్టాల్ చేయమంటారా అంటూ ఒక పెట్టె కనిపిస్తుంది. సరేనంటే ఆ గంట కాస్తా అప్‌గ్రేడ్‌కే ఖర్చయిపోవచ్చు, నిన్నటిదాకా చక్కగా నడిచిన ప్రోగ్రామ్ ఈరోజు మొరాయించవచ్చు. వద్దంటే వెనకబడిపోతున్నామేమోనన్న బెంగ. కంపెనీల్లో ఇలాంటి నిర్ణయాలు తీసుకోవడానికి మనుషులుంటారు, ముందుగా పరీక్షించడానికి వేరే యంత్రాలుంటాయి. సొంత ప్రాజెక్టులో అన్నీ మనమే.

ఈ చిక్కులో సగం మనం ప్రశ్న వేసుకునే తీరు వల్లే వస్తుంది. కొత్త వెర్షన్ మంచిదా అని అడుగుతాం. చాలాసార్లు మంచిదే. దానివల్ల మన సందేహం తీరదు. అడగవలసినవి వేరే ఉన్నాయి: నా చేతిలో ఉన్న ఈ ఫలానా ప్రాజెక్టుకు దానితో ఏం పని? పొసగకపోతే ఎంత సులువుగా వెనక్కి రాగలను? కంప్యూటర్ మొత్తానికి ఒకే నిర్ణయం తీసుకోవాలనుకున్నంత కాలం ఈ రెండిటికీ జవాబు దొరకదు. ప్రాజెక్టుకొక నిర్ణయం అనుకుంటే దారి కనిపిస్తుంది.

అంతకంటే ముందు, ఏ వస్తువును మారుస్తున్నామో తెలియాలి. ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ అని ఒక్క మాటలో అనేస్తాం కానీ అందులో కనీసం నాలుగు పొరలున్నాయి. కోడు రాసుకునే ఎడిటర్ ఒకటి. ఆ కోడును నడిపించే కంపైలర్ లేదా ఇంటర్‌ప్రెటర్ ఒకటి. ఇతరులు రాసిపెట్టగా మనం వాడుకునే లైబ్రరీలు ఒకటి. అన్నిటికీ అడుగున ఆపరేటింగ్ సిస్టమ్, బోర్డు లాంటి హార్డ్‌వేర్. ఒక్కో పొరలో ప్రమాదం ఒక్కో స్థాయిలో ఉంటుంది.

ఎడిటర్ సంగతిలో పెద్దగా ఆలోచించనక్కర్లేదు. కోడు మామూలు టెక్స్ట్ ఫైలుగా ఉన్నంతవరకు ఎడిటర్‌ను ఇవాళ మార్చి రేపు వెనక్కి తెచ్చుకోవచ్చు. చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులకు కోడు రాసే ఎడిటర్ ఆర్డుయినో ఐడీఈ 2.0 వెర్షన్ 2022 సెప్టెంబరులో వచ్చింది. పాత 1.8లో రాసిన స్కెచ్ (ఆర్డుయినోలో ప్రోగ్రామ్‌ను ఇలా అంటారు) అందులోనూ అలాగే తెరుచుకుంటుంది. దాన్ని బోర్డుకు తగ్గట్టు కంపైల్ చేసే భాగం, అంటే బోర్డు ప్యాకేజీ, ఐడీఈతో ముడిపడి లేదు, విడిగా ఇన్‌స్టాల్ అవుతుంది. కాబట్టి ఐడీఈని మార్చి, బోర్డు ప్యాకేజీని పాతదే ఉంచుకోవచ్చు. చాలామంది రెండూ ఒకటే అనుకుని రెండిటికీ ఒకేసారి సరేనంటారు, ఆ తర్వాత ఏది చెడగొట్టిందో తెలియక తికమకపడతారు.

ఎడిటర్లలో జాగ్రత్తపడవలసినవి, ప్రాజెక్టు ఫైలును తమ సొంత రూపంలో దాచుకునేవి. గేమ్ ఇంజిన్లు, బటన్లూ ఫారాలూ మౌస్‌తో లాగి అమర్చుకునే పరికరాలు ఈ కోవలోకి వస్తాయి. కొత్త వెర్షన్‌లో పాత ప్రాజెక్టును తెరిస్తే అది ఫైలును కొత్త రూపంలోకి మార్చి భద్రపరుస్తుంది. ఆపైన పాత వెర్షన్ దాన్ని చదవలేకపోవచ్చు. కాపీ తీసి పెట్టుకోకుండా ఇలాంటివి తెరవనే కూడదు.

ఇక అసలు చిక్కంతా కంపైలర్, లైబ్రరీల దగ్గర ఉంది.

ఆగిపోయే కోడు, తప్పుదారి పట్టే కోడు

అప్‌గ్రేడ్ వల్ల కోడు చెడిపోవడం రెండు రకాలు. ఒకటి ఎర్రర్ చూపి ఆగిపోవడం. రెండోది ఏమీ చెప్పకుండా వేరే ఫలితం ఇవ్వడం. మొదటిదాన్ని చూసి అందరూ భయపడతారు, భయపడవలసింది మాత్రం రెండోదానికి.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష చరిత్రలో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. పైథాన్ 3.0 విడుదలైంది 2008 డిసెంబరులో. పాత పైథాన్ 2కు 2015లోనే మద్దతు ఆపేయాలనుకున్నారు కానీ ప్రపంచమంతా దానితో రాసిన కోడు పేరుకుపోయి ఉండడంతో గడువును 2020 జనవరి 1 దాకా పొడిగించారు. మార్పుల్లో అందరికీ గుర్తున్నది ప్రింట్. పాతదాంట్లో బ్రాకెట్లు లేకుండా రాసేవారు, కొత్తదాంట్లో తప్పనిసరి. పాత కోడును పైథాన్ 3లో నడిపితే మొదటి ప్రింట్ దగ్గరే ఆగిపోయి, ఏ వరుసలో తప్పుందో చెబుతుంది. విసుగు తెప్పించే పనే అయినా దిద్దుకోవడం తేలిక. భాగహారం అలా కాదు. పైథాన్ 2లో 7/2 అంటే 3. పైథాన్ 3లో 3.5. రెండూ చెల్లుబాటయ్యే లెక్కలే కాబట్టి ఎర్రర్ ఉండదు. తెరమీద బొమ్మను ఎక్కడ గీయాలో లెక్కగట్టే ప్రోగ్రామ్‌లో అర పిక్సెల్ చొప్పున తేడా పేరుకుంటూ పోతుంది. స్కోర్లు పంచే ఆటలో మొత్తాలు కలవవు. కారణం మాత్రం ఎక్కడా కనిపించదు.

ఇది పాతకాలపు గొడవ అనుకోనక్కర్లేదు. ఈఎస్‌పీ32 బోర్డుతో ఎల్‌ఈడీ వెలుగును ఎక్కువతక్కువలు చేసే చిన్న ప్రోగ్రామ్‌ను తీసుకోండి. ఆర్డుయినో కోసం ఈ బోర్డుకు వచ్చే ప్యాకేజీ 2.x వెర్షన్‌లో ఆ పని మూడు మెట్లలో జరిగేది. ఎల్‌ఈడీసీ సెటప్ అనే ఫంక్షన్‌తో సున్నా నంబరు చానెల్‌ను సిద్ధం చేయాలి. ఎల్‌ఈడీసీ అటాచ్‌పిన్‌తో ఆ చానెల్‌ను, ఉదాహరణకు 16వ పిన్నుకు కలపాలి. తర్వాత ఎల్‌ఈడీసీ రైట్‌కు చానెల్ నంబరు సున్నా, వెలుగు 128 అని చెప్పాలి. 2024లో వచ్చిన 3.0 వెర్షన్‌లో మొదటి రెండు ఫంక్షన్లనూ తీసేసి, వాటి స్థానంలో ఎల్‌ఈడీసీ అటాచ్ అనే ఒక్కదాన్ని పెట్టారు. చానెల్ సంగతి అదే చూసుకుంటుంది, మనం పిన్ను నంబరు ఇస్తే చాలు. రాయడానికి ఇదే సుఖం. పాత స్కెచ్‌ను కంపైల్ చేస్తే మొదటి రెండు ఫంక్షన్లు లేవని ఎర్రర్ వస్తుంది, వాటిని మార్చేస్తాం. కానీ మూడోదైన ఎల్‌ఈడీసీ రైట్ అదే పేరుతో అలాగే ఉంది. మారినది దాని మొదటి విలువకున్న అర్థం: ఇంతకుముందు చానెల్ నంబరు, ఇప్పుడు పిన్ను నంబరు. ఆ వరుసను ముట్టుకోకుండా వదిలేస్తే కంపైలర్ అభ్యంతరం చెప్పదు, స్కెచ్ బోర్డులోకి ఎక్కుతుంది, ఎల్‌ఈడీ మాత్రం వెలగదు. మనిషి వైర్లు ఊడదీసి మళ్లీ పెడతాడు, ఎల్‌ఈడీ కాలిపోయిందేమోనని మారుస్తాడు, చివరికి బోర్డునే అనుమానిస్తాడు.

అందుకే వెర్షన్ మార్చేముందు విడుదల నోట్స్‌లో కొత్త సదుపాయాల జాబితాకన్నా ముందు మార్పుల జాబితా చదవాలి. అందులోనూ తీసేసినవాటికన్నా, పేరు అలాగే ఉండి ప్రవర్తన మారినవాటి మీద కన్ను వేయాలి. తీసేసినవాటిని కంపైలర్ ఎలాగూ పట్టిస్తుంది.

వెర్షన్ నంబరు చూసి ప్రమాదాన్ని అంచనా వేయడం ఒక మేరకు పనికొస్తుంది. చాలా లైబ్రరీలు మూడు అంకెల పద్ధతి పాటిస్తాయి: చివరి అంకె మారితే తప్పుల సవరణ, నడిమిది మారితే పాతదాన్ని చెడగొట్టని చేర్పులు, మొదటిది మారితే పాత కోడు ఆగిపోవచ్చు. కానీ అందరూ ఈ ఒప్పందానికి కట్టుబడి లేరు. పైథాన్ 3.11 నుంచి 3.12కు వెళ్లడం నంబరు చూస్తే చిన్న అడుగులా ఉంటుంది. 2023 అక్టోబరులో వచ్చిన ఆ 3.12లో డిస్ట్‌యుటిల్స్ అనే పాత భాగాన్ని పూర్తిగా తొలగించారు, దాని మీద ఆధారపడిన కొన్ని లైబ్రరీలు ఇన్‌స్టాల్ దశలోనే ఆగిపోయాయి. ముందుగా హెచ్చరించలేదని అనలేం. తొలగించబోయే వాటి గురించి కొన్ని వెర్షన్ల ముందు నుంచే వార్నింగులు వస్తుంటాయి. ఎర్రర్ కాదు కదా అని వాటిని దాటేసి వెళ్లడం మన అలవాటు. నా మటుకు, ఒక ప్రాజెక్టు అప్‌గ్రేడ్‌కు సిద్ధంగా ఉందా లేదా అన్నదానికి ఆ వార్నింగులను మించిన సాక్ష్యం లేదు. వాటిని పాత వెర్షన్‌లో ఉండగానే ఒక్కొక్కటిగా తీర్చుకుంటే, కొత్తదానికి వెళ్లే రోజున మిగిలే పని కొద్దిదే.

తప్పక మార్చవలసిన చోటు

పాతదాన్ని అంటిపెట్టుకోవడం అన్నిచోట్లా క్షేమం కాదు. ఇక్కడ గీటురాయి ఒక్కటే: మీ ప్రోగ్రామ్ బయటి ప్రపంచం నుంచి ఏదైనా తీసుకుంటోందా?

2021 డిసెంబరులో లాగ్4జే అనే జావా లైబ్రరీలో ఒక లోపం బయటపడింది. ప్రోగ్రామ్‌లో జరిగినవాటిని ఫైలులో నమోదు చేయడం తప్ప ఆ లైబ్రరీకి వేరే పని లేదు. కానీ నమోదు చేయవలసిన వాక్యంలో ఒక ప్రత్యేక రూపంలో చిరునామా ఉంటే, అది ఆ చిరునామాకు వెళ్లి అక్కడి కోడును తెచ్చి నడిపేది. మైన్‌క్రాఫ్ట్ అనే ఆట సర్వర్లలో ఇది ఎంత ప్రమాదమో వెంటనే తేలింది: చాట్ పెట్టెలో ఒక వరుస టైప్ చేస్తే చాలు, సర్వర్ పరుల చేతికి చిక్కుతుంది. ఆ సర్వర్లలో ఎన్నో స్నేహితుల కోసం సరదాగా నడుపుకునేవే. సరదా ప్రాజెక్టును ఎవరు పట్టించుకుంటారు అనే ధీమా అక్కడ పనికిరాలేదు. ఇలాంటి దాడులు చేసేవి మనిషి ఎంచి పంపినవి కావు, ఇంటర్నెట్‌లో కనిపించిన ప్రతి చిరునామానూ తట్టి చూసే ప్రోగ్రాములు.

కాబట్టి ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించే వెబ్‌సైటు, సర్వర్, బాట్ ఏది నడుపుతున్నా, భద్రతా సవరణలు ఆగిపోయిన వెర్షన్‌లో ఉండకూడదు. ఇందులో బేరం లేదు. తేదీలు ముందే తెలుస్తాయి కూడా. పైథాన్ ఏటా అక్టోబరులో కొత్త వెర్షన్ ఇస్తుంది, ఒక్కోదానికి ఐదేళ్ల మద్దతు. 3.8కి అది 2024 అక్టోబరులో ముగిసింది. జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపే నోడ్ జేఎస్‌లో సరిసంఖ్య వెర్షన్లకు దీర్ఘకాల మద్దతు ఉంటూ వచ్చింది. జావాలో 8, 11, 17, 21 అలాంటివి. సొంత ప్రాజెక్టుకు ఇలాంటి దీర్ఘకాల వెర్షన్లనే ఎంచుకుంటే అప్‌గ్రేడ్ అన్న మాటే ఏళ్లకొకసారి వస్తుంది.

మద్దతు ముగిసిందంటే ప్రోగ్రామ్ ఆ రోజు నుంచి నడవదని కాదు. విజువల్ బేసిక్ 6 వచ్చింది 1998లో, దాన్ని రాసుకునే పరికరానికి మద్దతు 2008లో ముగిసింది, అయినా దానితో తయారైన ప్రోగ్రాములు విండోస్ 11లోనూ నడుస్తున్నాయి. నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా ఒక్కరి కంప్యూటర్‌లో పుస్తకాల జాబితా చూపే ప్రోగ్రామ్ వీబీ6లో ఉంటే దాన్ని మార్చడానికి భద్రత ఒక కారణం కాదు. మార్చవలసి వస్తే వేరే కారణంతో వస్తుంది. వీబీ6తో వచ్చే మామూలు టెక్స్ట్ పెట్టెలు అన్ని లిపులకూ పనికొచ్చే యూనికోడ్ అక్షరాలను చూపలేవు, తెలుగు పేర్లు వేస్తే ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. పుస్తకాల జాబితాలో తెలుగు పుస్తకాలు చేర్చాలనిపించిన రోజున అప్‌గ్రేడ్‌కు గట్టి కారణం దొరికినట్టే. నేను మెచ్చే కారణాలు ఇలాంటివి. చేయాలనుకున్న ఒక పని ఉంది, పాతది దాన్ని చేయనివ్వదు.

వేగం గురించి కూడా ఇదే కొలబద్ద. పైథాన్ 3.11ను 3.10తో పోల్చి సగటున 25 శాతం వేగం పెరిగిందని దాన్ని తయారుచేసినవారే ప్రకటించారు. వేల ఎత్తులు లెక్కవేసే చదరంగం ప్రోగ్రామ్‌కు అది కనిపించే లాభం. పది నిమిషాలకొకసారి సెన్సర్ నుంచి ఉష్ణోగ్రత చదివి మిగతా సమయమంతా నిద్రపోయే ప్రోగ్రామ్‌కు దానివల్ల ఒరిగేది లేదు.

హార్డ్‌వేర్ మారితే మాత్రం మనకు ఎంపిక ఉండదు. రాస్ప్‌బెర్రీ పై 5 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో పిన్నులను నడిపే పని వేరే చిప్‌కు అప్పగించారు. దాంతో అంతకుముందు అందరూ వాడిన ఆర్‌పీఐ జీపీఐఓ లైబ్రరీ దానిమీద పనిచేయదు. అదే కోడు పై 4 మీద ఇప్పటికీ నడుస్తుంది. కొత్త బోర్డు కొనేముందు పాత ప్రాజెక్టు దేనిమీద ఆధారపడిందో చూసుకోవడం ఈ పొరలో చేయగలిగిన మేలైన పని.

పూర్తయినవి, సగంలో ఉన్నవి, మొదలుపెట్టబోయేవి

పూర్తయి నిక్షేపంగా నడుస్తున్న, బయటితో సంబంధం లేని ప్రాజెక్టును ముట్టుకోవద్దు. దాన్ని అది వాడిన వెర్షన్లతో సహా పదిలంగా ఉంచండి. మారకపోవడం సాఫ్ట్‌వేర్‌లో లోపమేమీ కాదు. డొనాల్డ్ క్నూత్ తయారుచేసిన టెక్ అనే అక్షరకూర్పు ప్రోగ్రామ్‌లో ఏళ్ల తరబడి తప్పుల సవరణ తప్ప కొత్త సదుపాయాలు చేర్చడం లేదు. సవరించిన ప్రతిసారీ దాని వెర్షన్ నంబరు గణితంలోని పై (π) విలువకు ఒక అంకె దగ్గరవుతుంది, 2021లో అది 3.141592653కు చేరింది. ఇవాళ్టికీ గణిత పత్రాలు దానితోనే కూర్చుతున్నారు.

కొత్తగా మొదలుపెట్టేదానికి కొత్త వెర్షనే సరి, చిన్న మినహాయింపుతో. పైథాన్ లాంటి భాషల్లో మరీ నిన్న విడుదలైనదాన్ని కాక, దానికి ఒక మెట్టు కిందిది తీసుకోవడం మేలు. సైన్సు లెక్కలకు, బొమ్మలకు వాడే పెద్ద లైబ్రరీలు ముందే కంపైల్ అయి వస్తాయి. కొత్త వెర్షన్ వచ్చిన మొదటి నెలల్లో వాటిలో కొన్ని ఇంకా సిద్ధమై ఉండవు. అప్పుడు ఇన్‌స్టాల్ చేయబోతే మన కంప్యూటర్‌లోనే కంపైల్ చేయడానికి ప్రయత్నించి, తెరనిండా ఎర్రర్లు చూపి ఆగిపోతుంది.

నిజంగా ఆలోచించవలసింది సగంలో ఉన్న ప్రాజెక్టు గురించి. గోడో గేమ్ ఇంజిన్ 4.0 వెర్షన్ 2023 మార్చిలో వచ్చినప్పుడు 3లో ఆటలు రాస్తున్నవారందరికీ ఈ ప్రశ్న ఎదురైంది. ఆటలో కదిలే పాత్రలకు వాడే కైనమాటిక్‌బాడీ 2డీ పేరు క్యారెక్టర్‌బాడీ 2డీ అయింది. పాత్రను కదిపే ఫంక్షన్‌కు వేగాన్ని చేతికిచ్చే పద్ధతి పోయి, వేగం పాత్రకే చెందిన విలువగా మారింది. పాత ప్రాజెక్టును మార్చిపెట్టే సాధనం ఇంజిన్‌లోనే ఉంది. అది చాలావరకు పేర్లు మారుస్తుంది, కానీ మార్చిన తర్వాత పాత్ర దూకే ఎత్తు, గోడకు తగిలినప్పటి తీరు ఇంతకుముందులాగే ఉన్నాయో లేదో ఆడి చూసి సరిచేసుకోవలసింది మనమే. ముప్పాతిక వంతు పూర్తయిన ఆటకు ఇదంతా అనవసరపు శ్రమ. 3 శాఖను కూడా వారు వదిలేయలేదు, 2024లో 3.6 విడుదల చేశారు. అలాంటి ఆటను అక్కడే పూర్తిచేయాలని నేనంటాను. ఇంకా మొదటి దృశ్యం దగ్గరే ఉంటే 4కు వెళ్లిపోవడమే నయం, ఎందుకంటే వెనకాడినకొద్దీ మార్చవలసిన కోడు పెరుగుతుంది. ఉద్యోగ ప్రాజెక్టుల్లో గడువు మనల్ని ముందుకు తోస్తుంది. సొంత ప్రాజెక్టులో తోసేది ఉత్సాహం ఒక్కటే, అది అప్‌గ్రేడ్ చిక్కుల్లో కరిగిపోయిందంటే ప్రాజెక్టు మూలపడ్డట్టే.

డబ్బు పెట్టి కొనే పరికరాలైతే

ఈ విషయంలో ఇష్టంతో రాసుకునేవారికి కాలం కలిసొచ్చింది. మైక్రోసాఫ్ట్ 2014లో విజువల్ స్టూడియో కమ్యూనిటీ ఎడిషన్‌ను వ్యక్తులకు ఉచితం చేసింది. జెట్‌బ్రెయిన్స్ 2024 అక్టోబరులో రైడర్, వెబ్‌స్టార్మ్ అనే కోడు ఎడిటర్లను వ్యాపారేతర వాడకానికి ఉచితంగా ఇచ్చింది. పాస్కల్ భాషలో ప్రోగ్రాములు రాసే డెల్ఫీకీ 2018 నుంచి కమ్యూనిటీ ఎడిషన్ ఉంది, అదే పాస్కల్ మీద నడిచే లాజరస్ ఎప్పుడూ ఉచితమే. డబ్బు కట్టి అప్‌గ్రేడ్ చేసేముందు ఇలాంటి దారి ఉందేమో చూడాలి.

కట్టవలసే వస్తే, ధరకన్నా ముందు షరతు చదవండి: కట్టడం ఆపేసిన రోజున ఏమవుతుంది? కొన్ని సబ్‌స్క్రిప్షన్లు ఆగిన రోజే పరికరం తెరుచుకోదు. కొన్నిటిలో ఏడాది కట్టినవారికి ఒక పాత వెర్షన్ శాశ్వతంగా మిగులుతుంది. నెలల తరబడి చేతికందని సొంత ప్రాజెక్టుకు రెండో పద్ధతే సరిపడుతుంది. డెల్ఫీ లాంటివాటిలో ఇంకో మెలిక ఉంది. ఇతరుల దగ్గర తెచ్చుకున్న కాంపొనెంట్లు కంపైల్ చేసిన రూపంలో మాత్రమే ఉంటే అవి ఆ ఒక్క వెర్షన్‌కే పనికొస్తాయి. వాటి సోర్సు కోడు లేకపోతే పరికరాన్ని కొత్తది కొన్నా ప్రాజెక్టు ముందుకు కదలదు.

వెనక్కి వచ్చే దారి

ప్రయత్నించి చూడాలనుకుంటే పాతదాన్ని తీసేయకుండా కొత్తదాన్ని పక్కన పెట్టుకోవడం ఇప్పుడు దాదాపు అన్నిచోట్లా వీలవుతుంది. పైథాన్‌లో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లు 3.3 వెర్షన్ నుంచి భాషతోపాటే వస్తున్నాయి. ఒక్కో ప్రాజెక్టుకు దాని లైబ్రరీలు దాని ఫోల్డర్‌లోనే ఉంటాయి. ఉన్న లైబ్రరీలనూ వాటి వెర్షన్ నంబర్లనూ పైథాన్ లైబ్రరీలను ఇన్‌స్టాల్ చేసే పిప్‌లోని ఫ్రీజ్ ఆదేశంతో ఒక ఫైలులోకి ఎక్కించి కోడుతోపాటు దాచుకుంటే, తర్వాత అదే అమరికను మళ్లీ నిలబెట్టవచ్చు. ఆర్డుయినోలో బోర్డ్స్ మేనేజర్‌లో పాత వెర్షన్‌ను ఎంచుకుని తిరిగి ఇన్‌స్టాల్ చేయవచ్చు. లినక్స్‌లో మాత్రం సిస్టమ్‌తో వచ్చిన పైథాన్‌ను మార్చకండి, ఆపరేటింగ్ సిస్టమ్ సొంత పనిముట్లు కొన్ని దానిమీదే నడుస్తాయి. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్‌లో 12వ వెర్షన్ నుంచి పిప్‌తో నేరుగా అందులోకి లైబ్రరీలు ఎక్కించబోతే అదే అడ్డుకుంటుంది. ఆ హెచ్చరికను బలవంతంగా దాటే మార్గాలు వెతకడం కన్నా ఒక ఎన్విరాన్‌మెంట్ సృష్టించుకోవడం తక్కువ పని.

మార్చేటప్పుడు ఒకసారి ఒక్క పొరనే మార్చాలి. కంపైలర్‌ను మార్చి, నడిపి చూసి, కోడు మార్పులను దాచిపెట్టే గిట్‌లో భద్రపరిచాక లైబ్రరీల జోలికి వెళ్లాలి. మార్పుకు ముందు ప్రోగ్రామ్ ఇచ్చిన ఫలితాలను ఒక ఫైలులో దాచి, తర్వాతి ఫలితాలతో పోల్చితే 7/2 లాంటి మౌనమైన తేడాలు అక్కడే దొరికిపోతాయి. దానికి పెద్ద పరీక్షల వ్యవస్థ ఏమీ అక్కర్లేదు.

ఏళ్ల తర్వాత తెరిచిన ప్రాజెక్టుకు ఈ క్రమం మరీ అవసరం. పైథాన్ 2.5లో రాసిన కోడును నేరుగా ఇవాళ్టి వెర్షన్‌లోకి దూకించకూడదు. ముందు 2.7లో నడిపించాలి. రాబోయే మార్పుల గురించి హెచ్చరించే సదుపాయం అందులో ఉంది, కొత్త భాగహారాన్ని ఫైలు మొదట్లో ఒక వరుసతో అక్కడే అమలు చేసి చూసుకోవచ్చు. 2.7 చివరి విడుదల అయిన 2.7.18ను పైథాన్ సైటు నుంచి ఇప్పటికీ దించుకోవచ్చు. దాన్ని ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన యంత్రంలో కాకుండా వేరుగా పెట్టుకుని, కోడు అక్కడ వార్నింగులు లేకుండా నడిచాక 3కు తీసుకెళ్లాలి.